బాతును ఎగరేసిన మామయ్య

పాత పిక్చర్ ట్యూబు టీవీ స్విచ్ వేయగానే చెవి లోపల ఎక్కడో గీసినట్టు సన్నటి కూత ఒకటి వస్తుంది. ఆ వెంటనే గాజు మీద చిటపటలు, వేడెక్కిన దుమ్ము వాసన. వయసు మీద పడ్డాక ఆ కూత వినపడదంటారు గానీ నాకింకా వినపడుతోంది. మొన్న ఆదివారం నరసరావుపేటలో వసుంధర అత్తయ్య వాళ్ళ ఇంట్లో ఆ టీవీ వేసినప్పుడు కూతతోపాటు భాస్కరరావు మామయ్య గొంతు కూడా వినపడినట్టయింది. చేతిలో గేము మిషను వైరు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆయన పోయి రెండేళ్ళవుతోంది. "చూస్తా నిలబడ్డావేందే, తగిలించు" అని అత్తయ్య కసురుకుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇంకెంతసేపు నిలబడేదాన్నో తెలియదు.

వాళ్ళు మాకు చుట్టాలేమీ కారు. వాళ్ళ గోడకూ మా గోడకూ మధ్య పిల్లి దూరే సందు కూడా లేనంత ఇరుగుపొరుగు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన మామయ్య, ఆమె అత్తయ్య. మామయ్యకు వినుకొండ రోడ్డులో లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, రొంపిచెర్ల వైపు కొంత పొలం ఉండేవి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, ఒత్తు మీసం, పంచాయితీకి పిలిచి మధ్యలో కూర్చోబెట్టదగ్గ రూపం. అలాంటి మనిషి సాయంత్రం కాగానే మేడ మీద గదిలో చాప పరుచుకుని, బాసింపట్టు వేసుకుని, రెండు చేతులతో జాయ్‌స్టిక్ పట్టుకుని కూర్చునేవాడు. ట్యాంకుల ఆటలో తన కోట కూలిపోతే నిజంగానే పొలం మునిగినట్టు తొడ చరుచుకునేవాడు. పాత వీడియో గేములు సేకరించడం ఆయన పిచ్చి. ఈ మాట నేను తిట్టుగా అనడం లేదు. ఆయనే గర్వంగా చెప్పుకునేవాడు.

ఆ పిచ్చి ఆయనకు చిన్నతనంలో పట్టింది కూడా కాదు. ఒకసారి మద్రాసులో లారీ ఇంజను విప్పి పెడితే, పని పూర్తయ్యేదాకా పక్కనున్న టీవీ రిపేరు షాపులో కూర్చున్నాడట. అక్కడ మొదటిసారి ఆట ఆడి, లారీ సంగతే మర్చిపోయాడట. తర్వాత కొత్త మిషన్లు, సెల్‌ఫోన్లు వచ్చి ఊళ్ళో అందరూ పాత గేములను అటక మీదికీ పాత సామాన్ల బండికీ పంపుతుంటే, ఈయన వాటిని వెతికి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. దానికి ఆయన దగ్గర పెద్ద యంత్రాంగమే ఉండేది. లారీ ఎక్కబోయే ప్రతి డ్రైవరుకూ రెండే మాటలు చెప్పేవాడు. "నిద్రొస్తే బండి పక్కన ఆపు. పాత సామాన్ల బజారు కనపడితే గేము క్యాసెట్లున్నయ్యేమో అడుగు." దేశంలో ఎక్కడ మన మిర్చి దిగిందో అక్కడి నుంచల్లా మామయ్యకు క్యాసెట్లు వచ్చాయి.

ఒకసారి అలా వచ్చిన క్యాసెట్టుతోనే మా కళ్ళు పోవలసింది. బొంబాయిలో మిర్చి దించి వస్తున్న డ్రైవరు, క్యాసెట్టు పగలకుండా, మిర్చి బస్తాల మీద కప్పే పట్టాలో చుట్టి మహా భద్రంగా తెచ్చాడు. గేములు ఆడిన ప్రతివాళ్ళకూ ఒక అలవాటు ఉంటుంది. మిషన్లో పెట్టే ముందు క్యాసెట్టు అడుగున ఉండే సందులోకి గట్టిగా ఊదుతారు. మామయ్య కూడా రొమ్ము నిండా గాలి పీల్చుకుని ఊదాడు. పట్టాలోని మిరపగుండ అంతా ఆ క్యాసెట్టులోనే చేరి ఉంది. అది వచ్చి ఆయన మొహానా, పక్కనే ఆత్రంగా వంగి చూస్తున్న నా మొహానా పడింది. ఇద్దరం కళ్ళు మూసుకుని కేకలు పెడుతుంటే కింద నుంచి అత్తయ్య పరిగెత్తుకొచ్చింది. విషయం తెలిశాక మజ్జిగతో మా కళ్ళు కడుగుతూ నవ్వలేక చచ్చింది. "దేశమంతా కారం తోలేటోడివి, నీ కళ్ళల్లో నువ్వే కొట్టుకున్నావేందయ్యా" అంది.

ఆ రోజు నుంచి ఆ గదిలో ఊదడం నిషేధం. దూదికి స్పిరిట్ అద్ది తుడవాల్సిందే. "ఊదితే పనిచేస్తదనేది మన భ్రమేనే రజనీ. తీసి మళ్ళీ పెడతాం సూడు, అందుకు పనిచేస్తది" అని కళ్ళు ఎర్రగా ఉండగానే నాకు పాఠం చెప్పాడు.

ఆయన సేకరణలో నాకు అన్నిటికంటే నచ్చింది, ఏదీ తాళం వేసి ఉండకపోవడం. అద్దాల బీరువా లేదు. చెక్క అరల్లో క్యాసెట్లు వరుసగా ఉండేవి, ఎవరైనా తీసి ఆడవచ్చు, ఆడాక తుడిచి పెట్టాలి. వాటిలో చాలా వరకు నకిలీ క్యాసెట్లే. పైన వేల ఆటలని రాసి ఉంటుంది, లోపల ఉండేవి గుప్పెడు, అవే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఒకసారి హైదరాబాదు నుంచి ఈ సేకరణల మోజున్న కుర్రవాడొకడు మామయ్య పేరు విని వచ్చాడు. అరలన్నీ చూసి, "ఇవన్నీ డూప్లికేట్లే కదా అంకుల్, వీటికి వ్యాల్యూ ఉండదు" అని పెదవి విరిచాడు. మామయ్యకు కోపం రాలేదు. "డూప్లికేట్లే బాబూ. మా మాచర్లకీ, గురజాలకీ ఒరిజినల్ ఎప్పుడొచ్చింది గనక? మా పిల్లకాయలు వీటితోనే ఆడారు, వీటితోనే సంతోషపడ్డారు. ఆ సంతోషం డూప్లికేటా ఏంది?" అన్నాడు. ఆ అబ్బాయి కాఫీ తాగి, ట్యాంకుల ఆటలో మామయ్య చేతిలో చిత్తుగా ఓడిపోయి, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడు.

ఓడించడం దగ్గర మాత్రం మామయ్యకు దయాదాక్షిణ్యాలు లేవు. చిన్నపిల్లలని కూడా చూడడు. నేను ఫ్రాకులు వేసుకునే రోజుల్లో, ఓడిపోయి ఏడుస్తూ ఇంటికి పోతే మా అమ్మ వచ్చి, "పసిపిల్ల అన్నయ్యా, ఒక్కసారి గెలవనిస్తే మీ సొమ్మేం పోయింది?" అని అడిగింది. "గెలవనిస్తే అది గెలిచినట్టా? రేపు దానికి తెలిస్తే నా మొహం సూస్తదా?" అన్నాడాయన. నాకప్పుడు ఆయన రాక్షసుడిలా కనిపించాడు. అయినా మర్నాడు స్కూలు వదలగానే పుస్తకాల సంచితో మేడ మెట్లు ఎక్కాను.

నేను ఇంటర్ పూర్తి చేసి, డాక్టరు సీటు రాక, ఏం చదవాలో తెలియక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న ఏడాది అత్తయ్యకు పక్షవాతం వచ్చింది. ప్రాణానికి ప్రమాదం తప్పింది. మాట కొంచెం ముద్దగా, కాలు కొంచెం ఈడుపుగా ఉన్నా అవి తొందరగానే సర్దుకున్నాయి. కుడిచెయ్యి మాత్రం రాలేదు. అత్తయ్య చెయ్యంటే మా వీధిలో అందరికీ తెలుసు. ఆ ఇంట్లో డ్రైవర్లూ క్లీనర్లూ ఎప్పుడు దిగినా విస్తరి వేసి, దగ్గరుండి వడ్డించి, కొసరి కొసరి పెట్టిన చెయ్యి అది. ఇప్పుడామె దాన్ని కొంగు కింద దాచుకునేది. ఎడమచేత్తో, స్పూనుతో, వంటింట్లో తలుపు దగ్గరికి వేసుకుని తినేది. ఎవరైనా వస్తే పళ్ళెం పక్కకు నెట్టేసేది. పెళ్ళిళ్ళకు పోవడం మానేసింది. ఫిజియోథెరపీ అతను వచ్చి బంతి పిసకమంటే, "నేనేమన్నా పసిదాన్నా" అని బంతి విసిరికొట్టేది. ఆ చెయ్యి మళ్ళీ నలుగురి ముందూ అన్నం కలుపుతుందా లేదా అన్నదే ఆ ఇంట్లో పైకి అనని ప్రశ్న.

ఒకరోజు మామయ్య ఇద్దరు డ్రైవర్ల చేత మేడ మీది పాత టీవీని కిందికి దింపించి, హాల్లో అత్తయ్య కుర్చీకి ఎదురుగా పెట్టించాడు. బాతుల ఆట క్యాసెట్టు, దాంతో వచ్చే ప్లాస్టిక్ తుపాకీ తెచ్చాడు. ఆ తుపాకీ కొత్త టీవీలకు పలకదు, పిక్చర్ ట్యూబు ఉంటేనే పనిచేస్తుంది. తెర మీద బాతు ఎగురుతుంది, మనం గురిచూసి కాల్చాలి. అంతవరకే అందరికీ తెలుసు. పక్కన ఇంకొకరు జాయ్‌స్టిక్ పట్టుకుని కూర్చుంటే ఆ బాతును తమ ఇష్టమొచ్చినట్టు ఎగరేయొచ్చని చాలామందికి తెలియదు. మామయ్య తుపాకీని అత్తయ్య కుడిచేతిలో పెట్టి, తాను జాయ్‌స్టిక్ తీసుకున్నాడు.

"ఇన్నేళ్ళూ నా గేముల్ని తిట్టావు. ఒక్క బాతును కొట్టు, మొత్తం అమ్మేస్తా" అన్నాడు.

"నిజంగా అమ్మేస్తావా?" అంది అత్తయ్య. అప్పటికి చాలా రోజుల తర్వాత ఆమె కళ్ళు ఆయన మీద నిలబడ్డాయి.

"నీవల్ల కాదులే."

ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ అత్తయ్య తుపాకీ ఎత్తబోయింది. చెయ్యి వణికి ఒళ్ళో పడింది. ఫిజియోథెరపీ అతను మర్నాడు వచ్చి చూసి, మోచేతి కింద దిండు పెట్టుకోమన్నాడు, అలిసిపోతే ఆపమన్నాడు, బంతి కూడా మానొద్దన్నాడు. గేములు వదిలించుకుందామన్న ఆశతో అత్తయ్య బంతి కూడా పిసికింది. రోజూ ఆట సాగేది. మామయ్య బాతు ఒక్కనాడూ నిలకడగా ఎగరలేదు. పైకీ కిందికీ మెలికలు తిరిగి తప్పించుకుపోయేది. అత్తయ్య ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టేది. తిట్టీ తిట్టీ మాటలోని ముద్ద కూడా పోయింది.

ఒక సాయంత్రం మామయ్య ఆఫీసులో ఉండగా మా అమ్మ కూర ఇవ్వడానికి వచ్చి, అత్తయ్య అవస్థ చూడలేక జాయ్‌స్టిక్ తీసుకుంది. బాతును తీసుకొచ్చి సరిగ్గా తుపాకీ ఎదురుగా నిలబెట్టింది. అత్తయ్య కాల్చింది. బాతు రాలింది. అమ్మ చప్పట్లు కొట్టింది. అత్తయ్య తుపాకీ నెమ్మదిగా కింద పెట్టి, "నాకు చెయ్యి పడిపోయింది వదినా, కళ్ళు పోలా" అంది. ఆ రాత్రికి అన్నం తినలేదట. మర్నాడు మామయ్య వస్తూనే తుపాకీ ఆమె ఒళ్ళో పెట్టి, "నా దగ్గర జాలి లేదు. ఆడతావా, సర్దేసేదా?" అన్నాడు. అత్తయ్య తుపాకీ ఎత్తింది. ఆమె మొహంలో ఆ క్షణం కనిపించిన తేటదనం చూశాక, అంతకుముందు రోజు దాకా ఆయన మీదున్న నా కోపమంతా ఏమైపోయిందో నాకే తెలియలేదు.

నెలలు గడిచాయి. దిండు పోయింది. వణుకు తగ్గింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, అమ్మా నేనూ అక్కడే ఉన్నాం. వసారాలో ఇద్దరు డ్రైవర్లు భోజనం చేస్తున్నారు. బాతు మామూలుగానే మెలికలు తిరుగుతోంది. ఠప్పుమని శబ్దం వచ్చి, అది తలకిందులుగా రాలిపోయింది. మామయ్య నమ్మలేదు. టీవీని తట్టాడు. క్యాసెట్టు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. "ఇంకొకటి" అన్నాడు. అదీ రాలింది. ఆయన మొహం కందగడ్డలా అయిపోయింది. జాయ్‌స్టిక్ చాప మీద పడేసి, వీధి అరుగు మీదికి పోయి అటు తిరిగి కూర్చున్నాడు. అమ్మ అన్నానికి పిలిస్తే, "ఆకల్లేదమ్మా" అన్నాడు. అరవై దాటిన మనిషి బాతు కోసం అలిగాడు.

అత్తయ్య లేచింది. పళ్ళెంలో వేడన్నం, గోంగూర పచ్చడి, నెయ్యి వేసుకుని అరుగు మీదికి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. కొంగు కింద నుంచి కుడిచెయ్యి తీసి అన్నంలో పెట్టింది. వేళ్ళు సరిగా ముడవడం లేదు. మెతుకులు పళ్ళెం బయటికి పడుతున్నాయి. వీధిలో పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు, డ్రైవర్లు తినడం ఆపి చూస్తున్నారు. ఆమె ఎవరినీ పట్టించుకోలేదు. తీరిగ్గా కలిపి, ముద్ద చేసి, ఆయన నోటి దగ్గర పెట్టింది.

"తింటావా, ఇంకో బాతును ఎగరేస్తావా?"

మామయ్య తిన్నాడు. నమిలి మింగి, ఇంకా అటే చూస్తూ, "ఉప్పు తక్కువైంది" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ ముందే మొదలుపెట్టేసింది. గేములు అమ్మే సంగతి అత్తయ్య మళ్ళీ ఎత్తలేదు. పైగా తనను ఓడించడానికి ఆయన దొంగ ఆట ఆడుతున్నాడేమో కనిపెట్టడానికి, జాయ్‌స్టిక్ పట్టడం కూడా నేర్చుకుంది.

ఆ ఏడే నేను ఫిజియోథెరపీలో చేరాను. చదువు అయ్యి పేటలోనే చిన్న క్లినిక్ పెట్టుకున్నాక, ఒకరోజు ఉండబట్టలేక మామయ్యను అడిగేశాను, ఆ రోజు కావాలనే ఓడిపోయావా అని. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "నీకు నేను నేర్పింది ఇదా? నా చేతనైనంతా ఆడానే. అది కొట్టింది, నేను ఓడాను. ఆ మాట మీ అత్తయ్య ముందర అనమాక" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

నా దగ్గరికి బొల్లాపల్లి నుంచీ, గురజాల నుంచీ చెయ్యో కాలో పడిపోయిన వాళ్ళు వస్తారు. పక్కనున్న చుట్టాలు వేలు కదలకపోయినా కదిలిందని చెబుతుంటారు, ప్రేమతోనే చెబుతారు. నేను చెప్పను. "ఇంకా రాలేదండీ, మళ్ళీ చెయ్యండి" అంటాను. రాతి మనిషినని వెనక అనుకుంటారని నాకు తెలుసు. కానీ ఎప్పుడో ఒకరోజు నేను "వచ్చింది" అంటాను. అప్పుడు వాళ్ళు నా మొహంలోకి చూసి, రెండోసారి అడగకుండా నమ్ముతారు.