అమీర్‌పేట చౌరస్తాలో స్వరూప ముఖం

2006 ఆగస్టులో ఒక బుధవారం ఉదయం అమీర్‌పేట చౌరస్తాలో సిగ్నల్ పడి మా బస్సు ఆగింది. కిటికీలోంచి తలెత్తి చూస్తే, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య మా కార్యక్రమం ఫ్లెక్సీ కనిపించింది. దాని మీద, నిలువెత్తున, స్వరూప ముఖం. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది ముందురోజు సాయంత్రం ఆఫీసుకు వచ్చిన ఫోన్. "ఫొటోల ఉన్నామె సుత ప్రోగ్రాంకు వస్తదా?" అని ఎవరో ఒక మగమనిషి అడిగాడు. ఫ్లెక్సీ మీద ముఖ్య అతిథిగా వచ్చే డాక్టరమ్మ ఫొటో ఉంటుందనుకుని, "తప్పకుండా వస్తారండీ, మీరూ రండి" అన్నాను.

అప్పుడు నేను పంజాగుట్టలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేసేదాన్ని. విరాళాల కోసం కార్యక్రమాలు ఏర్పాటు చేయడం నా ఉద్యోగం. ఇంట్లో దెబ్బలు భరించలేక వచ్చేసిన ఆడవాళ్ళకు మా సంస్థ మధురానగర్‌లో ఒక వసతి గృహం నడిపేది. దానికి బయట బోర్డు ఉండేది కాదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు తమ ఉద్యోగుల కోసం పాస్‌లు కొనే రోజులవి. ఆ శనివారం మేం పెట్టిన పాటల కార్యక్రమం లాంటి వాటికి 'రన్ షీట్' రాసుకుంటాం. ఏ నిమిషంలో వేదిక మీద ఏం జరగాలో అందులో ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది 'అప్పీల్', అంటే విరాళం అడిగే ఐదు నిమిషాలు. పాట అయ్యాక అడిగితే చప్పట్లు కొడతారు. ఒక మనిషి కథ విన్నాక అడిగితే జేబులో చెయ్యి పెడతారు. అందుకే అప్పీల్‌కు ముందు ఫొటోల ప్రదర్శన పెట్టాను. అందులో స్వరూప ఉంది.

స్వరూపది సిరిసిల్ల. మగ్గాల పని తగ్గిపోతే భర్తతో సనత్‌నగర్ వచ్చింది. అతను అక్కడ ఫ్యాక్టరీలో చేరాడు. అతను ఎడమచెయ్యి విరగ్గొట్టాక, ఆమె కూతురిని తీసుకుని మా దగ్గరకు వచ్చేసింది. కనిపిస్తే చంపుతానని అతను బంధువులతో చెప్పించాడు. ఆమెతో 'కన్సెంట్ ఫారం' మీద, అంటే ఫొటో వాడుకోవడానికి అనుమతి ఇచ్చే కాగితం మీద, సంతకం పెట్టించింది నేనే. "హాల్లో మాత్రమే చూపిస్తాం" అని చెప్పాను. ఫారంలో మాత్రం 'ప్రచార అవసరాలకు' అని ఉంది.

ఫ్లెక్సీలు వేసే యాదగిరి అన్నకు డాక్టరు గారి ఫొటో ఇవ్వాల్సి వచ్చినప్పుడు, అన్ని ఫొటోలూ ఉన్న సీడీనే ఇచ్చేశాను. ప్రింట్ చేసే ముందు వచ్చి చూసుకోమని ఆయన ఫోన్ చేశాడు. మా చిన్నవాడికి ఆ రోజు జ్వరం. "నువ్వే చూసుకో అన్నా" అన్నాను.

బస్సు దిగి ఆయన షాపుకు పరుగెత్తాను.

"డాక్టరమ్మ ఫొటో మసకగ ఉండె మేడం. గిది మంచిగొచ్చింది. ముఖం మంచిగ లేకుంటే ఎవరు సూస్తరు?" అన్నాడు.

స్వరూప ఎవరో, ఎందుకు దాక్కుందో చెప్పాను. ఆయన వెంటనే నిచ్చెన తీసి ఆటో ట్రాలీలో వేశాడు. "ఆరు కట్టినం. రెండు సనత్‌నగర్ రోడ్డు మీదున్నయ్. ముందుగాల గవి దించుదాం."

దారిలో మా డైరెక్టరు గారికి ఫోన్ చేశాను. ఆ ముఖం చూసే జనం పాస్‌లు అడుగుతున్నారని, ఫారం మీద సంతకం ఉంది కాబట్టి మన తప్పేం లేదని, శనివారం దాకా ఉంచితే ఏంటని ఆవిడ అన్నారు. అప్పుడు ముందురోజు వచ్చిన ఫోన్ సంగతి చెప్పాను. "ఫ్లెక్సీలు వాళ్ళు దించుతారు. నువ్వు ముందు మధురానగర్ వెళ్ళమ్మా" అన్నారు.

స్వరూప కుట్టుమిషన్ దగ్గర ఉంది. జరిగింది దాచకుండా చెప్పాను. ఆమె చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"ఫోన్ల గొంతు బొంగురుగ ఉండెనా?"

"అవును."

"నడుమ నడుమ దగ్గిండా?"

దగ్గాడు. నేను తల ఊపాను.

"గాయనే" అంటూ లేచి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. క్షమించమని అడిగాను. ఆమె నా వైపు చూడలేదు. "నేను ఫారం సదివి సంతకం పెట్టలే అక్కా. నిన్ను నమ్మి పెట్టిన."

ఆ మధ్యాహ్నమే వేరే ఊళ్ళోని ఇంకో వసతి గృహానికి తల్లీకూతుళ్ళను పంపించాం. ఏ ఊరో నాకు చెప్పవద్దని నేనే డైరెక్టరు గారిని కోరాను. బడిలో చేరి రెండు నెలలే అయిన ఆ పాప, రేపు తనకు లెక్కల పరీక్ష ఉందని ఆటో ఎక్కేదాకా చెబుతూనే ఉంది.

శనివారం హాలు నిండిపోయింది. ఫొటోలన్నీ తీసేశాను. పాస్‌లు చూసే బల్ల దగ్గర నేనే కూర్చున్నాను. ఫ్యాక్టరీ యూనిఫాంలో ఒక మనిషి వచ్చి దగ్గాడు.

"ఫొటోల ఉన్నామె యేది?"

"రాలేదు. రాదు."

"యాడుంది?"

"నాకు తెలియదు" అన్నాను. అది నిజమే. ముందే చెప్పి ఉంచిన ఇద్దరు వాచ్‌మెన్‌లు వచ్చి నా పక్కన నిలబడ్డారు. అతను మెట్ల మీద కూర్చుని, బయటకు వచ్చే ఆడవాళ్ళందరినీ చూసి, చివరికి వెళ్ళిపోయాడు.

లోపల అప్పీల్‌లో స్వరూప కథను పేరు లేకుండా, ఫొటో లేకుండా చెప్పారు. మా సంస్థకు అంతకుముందెప్పుడూ అన్ని విరాళాలు రాలేదు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ముఖం చూపించకుండానే జనం ఇచ్చారు. అంటే ఆ ముఖం అసలు అవసరమే లేదు. రెండేళ్ళయినా, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే, నన్ను కలవరపెడుతున్నది ఆ సంగతే. ఇప్పుడు ఎవరి ఫొటో అయినా వాడాల్సి వస్తే, అది పెట్టే చోటికి ఆ మనిషిని తీసుకెళ్ళి చూపిస్తాను. ఆ తర్వాతే సంతకం అడుగుతాను. వద్దంటే ఎందుకని అడగను.

ఆ కార్యక్రమం జరిగిన మర్నాడు, ఆదివారం ఉదయం టిఫిన్ తింటూ, ప్రోగ్రాం బాగా జరిగిందా అని పిల్లలు అడిగారు. బాగానే జరిగిందని, కానీ నేను ఒకావిడకు ఇచ్చిన మాట తప్పానని, అందువల్ల ఆవిడా వాళ్ళ పాపా ఊరు వదిలి వెళ్ళాల్సి వచ్చిందని చెప్పాను.

"సారీ చెప్పావా?" అంది ఏడేళ్ళ మా అమ్మాయి.

"చెప్పాను."

"పర్లేదు అందా?"

"అనలేదమ్మా. నా మనసు తేలికపడాలని ఆవిడ అలా అనక్కర్లేదు."