చిన్నమ్మ అడిగిన మాట

మా చిన్నమ్మ సందు మలుపులో ఉండగానే నవ్వు ఇంట్లోకి వచ్చేసేది. ఆ తరువాత మనిషి కనపడేది. శామీర్‌పేట చెరువు కట్టకు దిగువన ఉండేది మా వాడ. అమ్మ, నాయిన తెల్లారకముందే పొలం పనికి వెళ్లిపోయేవాళ్లు. నన్ను పెంచింది అవ్వా, చిన్నమ్మా. అవ్వ అంటే మా అమ్మను కన్నతల్లి. చిన్నమ్మ అమ్మకు చెల్లెలు.

చిన్నమ్మ ఎల్లమ్మకు ఇచ్చిన పిల్ల. జోగిని అనేవాళ్లు. ఏడేళ్లప్పుడు దేవత పేరు మీద ఆమె మెడలో తాళి కట్టారు. ఇక ఆమెకు పెళ్లి లేదు, తన సంసారం అంటూ లేదు. జాతరలో ముందు నడవాలి, ఊళ్లో పెద్దింటి శవం లేస్తే దాని ముందు ఆడాలి. ఊరి పెద్దమనుషుల్లో ఎవరు గుమ్మం తొక్కినా కాదనకూడదు. ఇదంతా నాకు తరువాత అర్థమైంది. అప్పుడు నాకు తెలిసిందల్లా ఆమె ఒంటి పసుపు వాసన, కొంగున మూటగట్టి తెచ్చే జొన్న ప్యాలాలు, నా జుట్టు చిక్కు తీస్తూ ఆమె తీసే కూనిరాగం. పెద్దయ్యాక అచ్చం ఆమెలాగే ఉండాలని నాకు మహా ఆశగా ఉండేది.

ఆరో ఏట నాకు తల్లి పోసింది. అంటే మశూచి. వాడలో నా ఈడు పిల్లలు ముగ్గురు పోయారు. వేపాకుల మీద పడి ఉన్న నన్ను చూసి అవ్వ మొక్కుకుందట: “ఈ పొల్ల బతికితే నీకే ఇడుస్త తల్లీ.” నేను బతికాను. ముఖం నిండా మచ్చలు మిగిలాయి. వచ్చే ఎల్లమ్మ పండుగకు నాకూ తాళి కడతారని అవ్వ చెబితే సంబరపడిపోయాను. మరునాడు చిన్నమ్మ కుంకుడు రసంతో నా తల రుద్దుతుంటే చెప్పాను.

“నేను గూడ నీ తీర్గనే అయిత చిన్నమ్మా!”

ఆమె చెయ్యి ఆగిపోయింది. నురుగు కళ్లలో పడి మండుతోందని నేను అరుస్తున్నా వినిపించుకోకుండా లేచి ఎటో వెళ్లిపోయింది. అమ్మ వచ్చి నా తల కడిగింది.

ఆ ఎండాకాలంలోనే పట్నం నుంచి ఇద్దరు ఆడవాళ్లు, హార్మోనియం పెట్టె పట్టుకుని ఒక ముసలాయన మా వాడకు వచ్చారు. మేడ్చల్ దాకా రైల్లో, అక్కడి నుంచి ఎడ్లబండిలో. ఆడపిల్లల్ని దేవతకు ఇవ్వొద్దని ఊరూరా తిరిగి చెబుతున్నారట. వాళ్లలో పెద్దామె బడిలో పాఠాలు చెప్పే మనిషి. అందరూ పంతులమ్మ అన్నారు. తెల్ల చీర కట్టుకుని, కాగితం చూసి చదివింది. “సోదరీమణులారా, ఈ దురాచారం...” అనగానే ఆడవాళ్లు ఒకరినొకరు గిల్లుకుని నవ్వారు.

అవ్వ మాత్రం నవ్వలేదు. “గామెకేమెర్క? గామె ఇంట్ల పిల్లకు తల్లి పోసిందా? పొద్దుమూకులు పక్కన కూసోని ఏడ్సిందా?” అని లేచి ఇంటికొచ్చేసింది. వాళ్లు చెప్పవలసింది చెప్పి బండెక్కి వెళ్లారు.

మళ్లీ వచ్చినప్పుడు వాళ్ల దగ్గరకు ఎవరూ పోలేదు. చిన్నమ్మ ఒక్కతే కుండతో నీళ్లు తీసుకుని వెళ్లింది. మా వాడ నీళ్లు పై కులాలవాళ్లు ముట్టరు. పంతులమ్మ దోసిలి పట్టి కడుపునిండా తాగింది. చిన్నమ్మ కాసేపు ఆమెనే చూసి, “అమ్మా, గా కాయిదం పక్కకు వెట్టున్రి. మా ఆడోళ్లకు గా మాటలు ఎక్కయి. పాటైతే ఇంటరు” అంది.

“నాకు పాటలు రావు తల్లీ. మీరు నేర్పుతారా?” అంది పంతులమ్మ.

చిన్నమ్మను ‘మీరు’ అన్న మనిషిని నేను అప్పుడే మొదటిసారి చూశాను.

అప్పటి నుంచి వాళ్లు వచ్చినప్పుడల్లా మా వాకిట్లోనే కూర్చునేవాళ్లు. జాతరలో ఎల్లమ్మ కథ చెప్పే బాణీలోనే చిన్నమ్మ కొత్త మాటలు కట్టేది. హార్మోనియం ముసలాయన తప్పు పలికిస్తే, “గట్ల గాదు తాతా, జర కిందికి దింపు” అని నవ్వేది. పాట తన బతుకు గురించే కాబట్టి మధ్యలో పంతులమ్మకు తన సంగతి చెప్పేది. అప్పుడు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని రెండు అరచేతులతో నా చెవులు గట్టిగా మూసేది. నాకు గొంతు వినపడేది కాదు. నా వీపుకు ఆనిన ఆమె రొమ్ము అదరడం తెలిసేది, అంతే.

పండుగ ఇంకా నాలుగు రోజులుందనగా మా వాడ నడుమ పాట పెట్టారు. పాడేది చిన్నమ్మ కాబట్టి వాడంతా కదిలింది. అవ్వ కూడా వచ్చి ముందు వరుసలో కూర్చుంది. సగం పాట అయ్యాక చిన్నమ్మ ఆపేసి అవ్వ వైపు తిరిగింది. హార్మోనియం కొంతసేపు ఒంటరిగా మోగి అదీ ఆగింది.

“అమ్మా, నన్ను ఇచ్చిన్నాడు నాకు ఏడేండ్లు. గా దినం సంది తల్లి నా తలుపు ఒక్కనాడు తట్టలే. తట్టినోళ్లెవరో నీకెర్కే” అంది.

“ఊకోయే! నలుగుట్ల గవేం మాటలు?” అంది అవ్వ, చుట్టూ ఉన్న జనాన్ని చూస్తూ.

“నలుగుట్లనే గదా నన్ను ఇచ్చినవు. నలుగుట్లనే అడుగుత. ఈ పొల్లను తల్లి బతికిచ్చింది. ఎందుకు బతికిచ్చిందే? నా తీర్గ బతుకుమనా?”

అవ్వ నా భుజం పట్టుకుని దగ్గరకు లాక్కుంది. “మొక్కు తప్పితే? మల్ల పోస్తే? పొల్ల నా చేతుల్లకెల్లి పోతే ఏం జెయ్యాలె బిడ్డా?”

ఆ భయం అబద్ధం కాదు. వాడలో ప్రతి ఇంట్లోనూ ఉన్న భయమే అది. చిన్నమ్మ తన జడ ముందుకు వేసుకుంది. మోకాళ్ల దాకా వచ్చే జడ.

“పొల్లకు బదులు నా ఎంట్రుకలిస్త. మొక్కు నా మీదేసుకుంట. తల్లికి కోపమొస్తే నా మీదికే రమ్మను.”

కాన్పులు చేసే ముసలామె ఒకతి లేచి, బండారిలో, అంటే అమ్మవారి పసుపులో, చెయ్యి ముంచి ఒట్టుగా మా ఇంటి గోడకు అద్దింది. “నా మనుమరాలిని ఇయ్య” అంది. ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు. అందరూ రాలేదు. లేచి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. అవ్వ కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

పండుగనాడు అవ్వ కోడిని పట్టుకుని ఒక్కతే గుడికి పోయింది. నన్ను రమ్మనలేదు. వెనకాలే చిన్నమ్మ వెళ్లి గుండుతో తిరిగి వచ్చింది.

నెల తిరక్కుండా ఊరి పెద్ద పటేలు తల్లి చనిపోయింది. శవం ముందు ఆడమని కబురొస్తే చిన్నమ్మ పోలేదు. ఆ మరునాటి నుంచి మా వాడవాళ్లకు పనులు బంద్ అయ్యాయి. నాయిన వారం రోజులు ఇంట్లోనే కూర్చున్నాడు. వాడలో తక్కిన మగవాళ్లు గొణిగారు. చిన్నమ్మ ఆ గొణుగుడు విన్నది. పంతులమ్మ బండి వచ్చిన పొద్దున బట్టలు మూటగట్టుకుంది.

నేను బండి చక్రం పట్టుకుని వేలాడాను. “నన్ను గూడ తోల్కపో!”

“నువ్వు ఈడుండాలె బిడ్డా. నిన్ను జూసినప్పుడల్లా వీళ్లకు ఆనాటి మాట యాదికి రావాలె” అంది. నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది.

పట్నంలో పంతులమ్మ వాళ్లతోనే ఉంటూ ఊరూరా పాడుతోందని తెలిసేది. తుర్కపల్లిలో పాట ఉందని తెలిసి అమ్మ నన్ను తీసుకెళ్లింది. జనం వెనక నిలబడి చూశాను. జుట్టు భుజాల దాకా పెరిగింది. నన్ను చూసింది. పాట ఆపకుండానే చెయ్యి ఎత్తింది. అయిపోయాక దగ్గరకు పోదామనుకుంటే వాన వచ్చింది, జనం చెల్లాచెదురయ్యారు, వాళ్ల బండి అప్పటికే కదిలిపోయింది.

అంతే. తరువాత రజాకార్ల రోజులు వచ్చాయి. ఊరి నుంచి ఊరికి పోవడానికే జనం భయపడ్డారు. అన్నీ సద్దుమణిగాక అమ్మా నేనూ పట్నం వెళ్లి ఆ ఇల్లు వెతికి పట్టుకున్నాం. అందులో వేరెవరో కాపురముంటున్నారు. పంతులమ్మ సొంతూరికి వెళ్లిపోయిందన్నారు. పాటలు పాడే ఆమె సంగతి వాళ్లకు తెలియదు.

మా వాడలో ఆ తరువాత కూడా ఇద్దరు పిల్లల్ని ఇచ్చారు. ఆ పైన ఎవరూ ఇవ్వలేదు. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు.

అవ్వ మాత్రం చిన్నమ్మ పేరు మళ్లీ ఎత్తలేదు. చేసింది తప్పని ఏనాడూ అనలేదు. కానీ మేడ్చల్ అంగడికి పోయిన ప్రతిసారీ కూరగాయల తట్ట నా నెత్తిన పెట్టి స్టేషను దాకా నడిపించేది. రైలు వచ్చి ఆగేది. దిగిన ప్రతి ఆడమనిషినీ కళ్లు చికిలించి చూసేది. రైలు పోయాక, “ఇగ పా” అనేది. కాళ్లు సాగినన్ని రోజులూ అలాగే నడిచింది.