గుల్ల మీది ఊరు

బాపట్లలో మా పక్కింటివాళ్లు వెల్ల వేయించడానికి డ్రమ్ములో సున్నం తడిపారు. ఆ వెచ్చటి ఆవిరి వాసన కిటికీలోంచి రాగానే టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇప్పుడన్నీ రంగు డబ్బాలే కదా, ఈ వాసన తగిలి ఎన్నాళ్లయిందో!

మాది రేపల్లె దిగువన గుల్లపేట. ఊరంటే ఊరు కాదు, గని. ఎప్పుడో సముద్రం వెనక్కి తగ్గుతూ వదిలిపోయిన ఆల్చిప్పల గుల్ల నేలలో పొరలుపొరలుగా ఉండేది. దాన్ని తవ్వి, కడిగి, బట్టీలో కాలిస్తే సున్నం. కాకుమాను, భట్టిప్రోలు వైపుల నుంచి పొలం పనుల్లేని వేసవిలో తవ్వడానికొచ్చినవాళ్లు, గుంటల పక్కనే పాకలు వేసుకుని, వానలకు వెళ్దాంలే, పండక్కి వెళ్దాంలే అనుకుంటూనే పిల్లల్ని కని, చర్చి కట్టుకుని ఉండిపోయారు. క్రిస్మస్ ముందు తొలి బట్టీ సున్నం చర్చి గోడలకు. మిగిలింది మా గోడలకూ, మా మొహాలకూ. అరిసె కొరికినా నాలిక్కి సున్నమే తగిలేది.

ఊరికి ఒకటే కట్టడి: పొయ్యి వెలిగే చోట పార దిగకూడదు. అందుకే చుట్టూ నేలంతా గుంటలైనా ఇళ్లు మాత్రం దిబ్బల మీద దర్జాగా ఉండేవి.

నేను ఐదో తరగతిలో ఉండగా గుంటల్లో గుల్ల అడుగంటింది. జనం చీరాల మగ్గాలకూ, తెనాలి మిల్లులకూ మూటలు సర్దుకుంటుంటే మా నాయనమ్మకు అన్నం సయించలేదు. గుల్ల మిగిలింది ఇళ్ల కిందే. బట్టీ మేస్త్రీ ఏసోబు బాబాయి మా గుమ్మం దాకా వచ్చి, తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు.

“ఏంట్రా, అడగడానిక్కూడా సిగ్గేనా?” అంది నాయనమ్మ.

“మీ ఇల్లు, పెద్దమ్మా...”

“ఊరు పోయాక ఇల్లెవరికిరా? తవ్వుకోండి.”

లోపలికెళ్లి, మండుతున్న పొయ్యి మీద బిందెడు నీళ్లు గుమ్మరించింది. నేను ఏడ్చాను, ఆవిడ ఏడవలేదు. ఆ క్రిస్మస్‌కు బట్టీ మళ్లీ మండింది. నాయనమ్మ తెగువంటే నాకిప్పటికీ గర్వమూ ఉంది, కోపమూ ఉంది. ఒక పొయ్యి ఆరాక ఇక కట్టడేముంది? ఏడాదికొకటిగా ఇళ్లన్నీ పొయ్యిలు ఆర్పుకున్నాయి. ఊరు నిలవాలని ఊరినే తవ్వుకున్నాం. చివరికి మేమూ బాపట్ల చేరాం.

మొన్న రేపల్లె నుంచి ఆటోలో వెళ్లాను. చర్చి లేదు, దిబ్బలు లేవు, అన్నీ రొయ్యల చెరువులే. గట్టు మీద మేత చల్లుతున్నాయన నన్ను చూసి ఆగాడు.

“ఎవరింటికండీ?”

“ఎవరింటికీ కాదండి. మాది ఈ ఊరే.”

ఆయన నా మొహంలోకీ, తర్వాత నీళ్లలోకీ చూశాడు.

“ఇక్కడ ఊరేంటండీ?” అన్నాడు.