పప్పుమిల్లుల నా బిడ్డ గొంతు

ఈ రోజు మేనేజర్ సారు మీద ఒర్రిన. బీదర్ల పప్పుమిల్లుల ఇరవై మంది ఆడోళ్లం కందిపప్పు ఏరుతం. నా బిడ్డ మంజుల పాట ఎత్తుకుంటే మేమందరం అందుకునేటోళ్లం. రెండు నెలల కింద జరమొచ్చి నా బిడ్డ పోయింది. అప్పటిసంది మిల్లుల ఎవ్వరూ పాట ఎత్తుకోలే.

పొద్దున సారు పెద్ద స్పీకర్ తెచ్చి పెట్టిండు. హైదరాబాద్ పెద్దాఫీసోళ్లకు చూపియ్యనీకె ఎనుకట మా పాట ఫోన్ల రికార్డు చేసుకున్నడంట. దానికి డప్పులు కలిపి ఏసిండు. ముందుగాల వచ్చింది మంజుల గొంతే. నా చేతుల చాట కింద పడ్డది.

"బంద్ చెయ్యి సారూ!" అన్న.

"మీరంతా మూతి ముడుచుకొని పని చేస్తున్నరమ్మా. పాటుంటే అందరు ఒక్కటిగ ఉంటరని పెట్టిన" అన్నడు.

"నా బిడ్డ పోయిన నాడు మట్టికి వస్తమంటే వీళ్లకు ఒక్క పూట సెలవియ్యలే నువ్వు. ఇప్పుడు దాని గొంతుతోని మమ్మల్ని ఒక్కటి చేస్తవా?"

సారు పోయి వైరు పీకిండు. పాట నడుమల్నే ఆగిపోయింది. పక్కన కూసున్న నాగమ్మ "మంచిగ అడిగినవక్కా" అని నా చాట తీసిచ్చింది.

కోపమైతే ఇంకా దిగలే. కానీ ఇంటికొచ్చినంక సమజైంది. ఇంట్ల బిడ్డ ఫోటోలున్నయి గని గొంతు ఎక్కడ లేదు. రేపు పోయి, తిట్టిన నోటితోనే ఆ పాట నా ఫోన్ల ఎక్కియ్యమని సారును అడగాలె. డప్పులు లేకుంట. అడిగితే తప్పా? మీరే చెప్పుర్రి.