సారు ఎంచిన టైరు

మా డ్రిల్లు సారు పోయారన్న కబురు నాకు పాలమూరులో తెలిసింది. అక్కడి దవాఖానలో నేను నర్సును. ఒక ముసలమ్మకు సెలైన్ మారుస్తుంటే జేబులో ఫోను అదే పనిగా మోగింది. మా బడి పాత పిల్లల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. పొద్దున పిల్లలను గ్రౌండులో వరుసగా నిలబెడుతూనే ఛాతీ పట్టుకుని కూర్చున్నారట, నల్గొండకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టిన మరుక్షణం నా మీద నాకే అసహ్యం వేసింది. ఎందుకో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయడం రివాజు. ఆ నాలుగు మాటలూ మా సారుకు నిజంగా తగినవే, అవీ రాస్తాను. కానీ వాటితోనే ఆపేస్తే ఇన్నేళ్ళూ చేసిన పనే మళ్ళీ చేసినట్టు.

మాది నల్గొండకు దగ్గర్లో ఒక ఊరు. చుట్టూ బత్తాయి తోటలు, బడి వెనక గుట్ట. తోటలు వేరేవాళ్ళవి, గుట్ట మాత్రం మాదే అనుకునేవాళ్ళం, ఎందుకంటే మా బాపు దాని మీదే గొర్లు కాస్తాడు. తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్ళకు, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, సారు దగ్గర చదువుకుని పట్నంలో స్థిరపడ్డ ఒకాయన మా బడికి గేర్ల సైకిళ్ళు మూడు ఇస్తానన్నాడు. రాళ్ళలో రప్పల్లో తొక్కే మౌంటెన్ బైకులు. "ఏవి కావాల్నో మీరే ఎంచుండ్రి సార్" అన్నాడట. ఇంకొకరైతే ఎర్రదో నల్లదో చెప్పి ఊరుకునేవారు. మా సారు వారం రోజులు గుట్ట చుట్టూ నడిచారు.

బడి వదిలాక మమ్మల్నీ వెంటేసుకునే వెళ్ళేవారు. చేతిలో పాత హాజరు పుస్తకం. కొంత దూరానికోసారి ఆగి, చెప్పు కొనతో నేల గీకి చూసి, రాసుకునేవారు. ఇక్కడ మొరం. ఇక్కడ పరుపు బండ. ఇక్కడ వాగు ఇసుక. ఇక్కడ సర్కారు తుమ్మ, ముళ్ళు ఎక్కువ. మా గొర్లు నడిచి నడిచి పడ్డ తొవ్వే ఆయన కళ్ళకు సైకిల్ పోటీల తొవ్వయి కూర్చుంది. సైకిల్ కొనడానికి ఇంత నడక ఎందుకు సార్ అని ఎవరో అడిగితే, "సైకిల్‌ను చూసి సైకిల్ కొనొద్దు బిడ్డా. తొవ్వను చూసి కొనాలె" అన్నారు. మాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు. ఆయన విజిల్ వేస్తే పిల్లలే కాదు, మా బాపు గొర్లు కూడా ఒక క్షణం తలెత్తి నిలబడేవి.

ఆ నడక అయ్యాక తేల్చారు. కుదుపులు ఆపే షాకు ముందు ఉంటే చాలు, వెనకది మన గుట్టకు ఉత్త బరువు. పెడళ్ళ దగ్గర ఒకటే పళ్ళ చక్రం, వెనక గేర్లలో మాత్రం ఒకటి పెద్దది ఉండాలి, ఎక్కుడులో కాళ్ళు ఆడాలి కదా. డిస్క్ బ్రేకులు కావాలి గానీ నూనెతో పనిచేసేవి వద్దు, అవి చెడితే మన దగ్గర బాగుచేసే మిస్త్రీ లేడు, తీగవే తెప్పించండి. పొడుగు పిల్లలకు పెద్ద చక్రాలు, నాలాంటి పొట్టివాళ్ళకు ఒక సైజు తక్కువవి. ట్యూబుల్లో పాలలాంటి మందు పోయాలి, తుమ్మ ముల్లు దిగినా బెజ్జం దానంతటదే పూడుకుంటుంది. ఇవన్నీ కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసి పట్నం పంపారు.

సైకిల్ సైజు కోసం కొలతలు కూడా తీసుకున్నారు. గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య పుస్తకాన్ని నిటారుగా పెట్టి, దాని పైఅంచు దగ్గర గోడ మీద గీత గీయాలి. ఆడపిల్లల వంతు వచ్చినప్పుడు సారు అటు తిరిగి గేటు వైపు చూస్తూ నిలబడి, "పుస్తకం ఇంకా పైకి పెట్టు బిడ్డా, లాగు ముడతలు లెక్కకు రావొద్దు" అని చెప్పేవారు. మా దోస్తు గీత గీసేది. అంతసేపూ ఆయన ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. ఇప్పుడు దవాఖానలో పేషెంట్లకు అడ్డంగా తెర లాగేటప్పుడల్లా నాకు ఆ వీపు గుర్తొస్తుంది. మర్యాద అంటే ఏమిటో నాకు ఎవరూ అంతకంటే బాగా చెప్పలేదు.

ఇక గాలి సంగతి. మా ఊళ్ళో సైకిల్ అంటే టైరు రాయిలా ఉండాలి. మా బాపు తన సైకిల్‌కు గాలి కొట్టించి, వేలితో నొక్కి, వేలు దిగకపోతేనే కదిలేవాడు. మెత్తటి టైరు అంటే గాలి కొట్టుకునే గతి కూడా లేనివాడని అర్థం. సారు దగ్గర అంతా ఉల్టా. "గట్టి గాలి డాంబర్ రోడ్డుకు. మొరం మీద టైరు జర మెత్తగుండాలె, నేలను పట్టుకోవాలె. గట్టిగుంటే గోలీ లెక్క జారిపోతది" అనేవారు. మా బరువు చూసి, ఒక్కొక్కరికి ఒక్కో లెక్కన తనే గాలి పెట్టేవారు. ఎవరూ పంపు ముట్టుకోవద్దు అన్నది ఆయన పెట్టిన ఒకే ఒక్క కట్టడి.

పదో తరగతిలో నన్ను రాష్ట్రం సైకిల్ జట్టు ఎంపికకు పంపారు. పోటీ పాలమూరు దిక్కు ఒక గుట్ట మీద. సారు ముందే బస్సెక్కి పోయి ఆ తొవ్వంతా నడిచి వచ్చారు. వచ్చాక రెండు రోజులు రెండు రకాల టైర్లు ఆయన బల్ల మీదే ఉన్నాయి. పెద్ద గుబ్బలది నేలను బాగా పడుతుంది, కానీ బరువు. సన్న గుబ్బలది తేలిక, ఉరుకుతుంది. తొవ్వలో ముప్పాతిక బండే ఉందని చివరికి సన్న గుబ్బలది ఎంచారు. "గాలి సరిగ్గుంటే గీ టైరే నిన్ను గెలిపిస్తది బిడ్డా" అన్నారు.

పోటీ రోజు పొద్దున సారు పేర్లు రాయించడానికి టెంటు దగ్గరికి వెళ్ళారు. పక్కన పెద్ద బడి జట్టు అమ్మాయిలు, మెరిసే బట్టలు, మెరిసే సైకిళ్ళు. ఒకమ్మాయి వచ్చి నా ముందు టైరు నొక్కి చూసింది. "గాలి లేని సైకిల్ తెచ్చుకున్నది పాపం" అంది. అందరూ నవ్వారు. గొర్లోల్ల పిల్లకు గాలి కొట్టుకునే గతి లేదన్నట్టే వినిపించింది నాకు. వాళ్ళ పంపు అక్కడే ఉంది. అడిగి తీసుకుని ముందు టైరుకు కొట్టాను, వేలు దిగనంత వరకు. వెనక దానికి పెట్టబోతుంటే సారు వస్తూ కనిపించారు. పంపు ఇచ్చేశాను.

మొదటి ఎక్కుడులో నేనే ముందు. బండ మీదా నేనే. ఆ తరువాత మొరం దిగుడులో మూడో మలుపు వచ్చింది, ముందు చక్రం నా చేతుల్లోంచి పక్కకు వెళ్ళిపోయింది. సారు చెప్పింది చెప్పినట్టే, గోలీ లెక్క. నా మెడ కింద ఎముక విరిగింది. టైరు పదునైన రాయికి కోసుకుని చీలింది, గాలంతా పోయింది. అందులో గాలి ఎంత ఉండిందో ఇక ఎవరికీ తెలిసే వీలు లేకుండా పోయింది.

బాపు గొర్లను పక్కింటాయనకు అప్పజెప్పి దవాఖానకు వచ్చాడు. నన్ను చూశాడు, తలుపు దగ్గర నిలబడ్డ సారును చూశాడు.

"మీ సైకిల్ పరీక్షలకు నా బిడ్డే దొరికిందా సారు?" అన్నాడు.

"తప్పు నాదే. టైరు నేనే ఎంచిన. పెద్ద గుబ్బలది ఏస్తే పడకపోతుండె" అన్నారు సారు. అంత మందిలో బాపుకు చేతులు జోడించారు. బాపు బడి గడప తొక్కినవాడు కాదు, సారు అంటే ఊరంతా లేచి నిలబడే మనిషి. ఆ చేతులు చూసి కూడా బాపు తగ్గలేదు. "ఇంకోసారి మా ఇంటి దిక్కు రాకుండ్రి" అన్నాడు. నేను కళ్ళు మూసుకుని నొప్పితో ఉన్నట్టు పడుకున్నాను. నొప్పి నిజమే. కళ్ళు మూసుకున్నది మాత్రం దానికి కాదు.

చెబితే బాపు కొడతాడని మొదట భయం. తరువాత, బాపు అన్న మాటలు తిరిగి బాపు మీదే పడతాయని భయం. ఆ తరువాత ఆలస్యమైపోయిందన్న సిగ్గు. అది రోజుకింత పెరిగిందే గానీ తగ్గలేదు.

సారు మారిపోయారు. చేతికి పట్టీ కట్టుకుని నేను బడికి వెళ్ళిన మొదటి వారంలోనే పక్క మండలం నుంచి ఒకాయన కూతుర్ని తీసుకుని వచ్చాడు, పిల్లకు మంచి సైకిల్ ఎంచి పెట్టమని. అంతకుముందైతే సారు ఆ పిల్లను గోడకు నిలబెట్టి, వాళ్ళ ఊరి తొవ్వ ఎట్లుంటుందో గంటసేపు అడిగేవారు. ఆ రోజు, "షాపోల్లను అడుగుండ్రి. నా ఎంపిక మీద నాకే నమ్మకం పోయింది" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఆ తండ్రి ఏమీ అర్థంకాక నా పట్టీ వైపు చూశాడు. సారూ చూశారు. నేను పుస్తకాలు తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయాను.

అప్పటి నుంచి ఎవరు వచ్చినా అదే మాట. పిల్లలను తొక్కించడం మానలేదు గానీ, మిగిలిన సైకిళ్ళకు కూడా బరువైన పెద్ద గుబ్బల టైర్లు వేయించారు. మా బడి పిల్లలు ఎక్కుడుల్లో వెనకబడ్డారు, ఎవరూ పడలేదు. "పడకుంటే చాలు" అనేవారు. గెలుపు గురించి గంటలు గంటలు మాట్లాడిన మనిషి.

చెప్పడానికి నాకు సందులు దొరకలేదని అనలేను. నర్సింగులో సీటు వచ్చినప్పుడు స్వీట్లు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. ఆయన ఆ సంతోషంలో ఉండగా చెప్పలేక తిరిగొచ్చాను. చివరిసారి ఆయనే ఫోన్ చేశారు, పోవడానికి నెల ముందు.

"ఎముక చలికాలం గుంజుతదా బిడ్డా?"

"లేదు సార్, మంచిగనే ఉంది."

"నాకు యాదికొస్తనే ఉంటది. గా టైరు ఎందుకు ఏసిన్నో. బుద్ధి లేకపాయె నాకు."

"పోనియ్యుండ్రి సార్. ఎప్పటి ముచ్చటో" అన్నాను.

"పెద్ద మనసు బిడ్డా నీది" అన్నారు ఆయన. గొంతులో తేలిక తెలిసిపోయింది.

నా తప్పుకు నేను ఆయనను క్షమించాను. ఇంతకంటే నీచమైన పని నేను చేయలేదు, చేయబోను కూడా.

దశదిన కర్మ నాడు వాళ్ళింటికి వెళ్ళాను. భోజనాలయ్యాక జనం పలచబడ్డారు. సారు భార్య వెనక వరండాలో ఒక్కతే కూర్చుని ఉంటే పక్కన కూర్చుని మొత్తం చెప్పాను, పంపు దగ్గర నుంచి ఫోను దాకా. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఆ రెండూ చేయలేదు.

"గీ మాట ఆయనకు అక్కెరుండె బిడ్డా. నేనేం చేసుకోవాలె దీన్ని?" అంది.

నేను ఆమె కాళ్ళు పట్టుకోబోయాను. పట్టుకోనివ్వలేదు.

"నా కాళ్ళతోని ఏమొస్తది? ఆయన ఎవరెవరి ముందట తప్పు నాదన్నడో, గా అందరి ముందట నువ్వు చెప్పు" అంది. లేచి లోపలికి వెళ్ళి, నాకు తాగడానికి నీళ్ళు పంపింది. తను మళ్ళీ బయటికి రాలేదు.

ఎవరెవరి ముందు అన్నారో నాకు పూర్తిగా తెలియదు. తోటి టీచర్లతో అన్నారు, సైకిల్ కోసం వచ్చిన తల్లిదండ్రులతో అన్నారు, పట్నంలో ఆ సైకిళ్ళు ఇచ్చినాయనకు ఉత్తరం రాసి మరీ చెప్పుకున్నారట. వాళ్ళందరినీ వెతికి చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మా సారు ఎంచిన టైరు సరైనది. ఆయన పెట్టిన గాలి సరైనది. చెడగొట్టింది నేను. ఆయన దగ్గర సైకిల్ ఎంపిక అడిగి, షాపులో అడగమని చెప్పించుకుని వెనుదిరిగిన వాళ్ళు ఎవరైనా ఇది చదివితే, మీకు రావలసిన మాట రాకుండా చేసింది కూడా నేనే.

దీన్ని అచ్చుకు ఇచ్చే ముందు ఒక్కరికి మాత్రం నోటితో చెప్పాలనుకున్నాను. కిందటి ఆదివారం ఊరికి పోయాను. బాపు గుట్ట కింద మందతో ఉన్నాడు. ఎండ అప్పుడే ఎక్కుతోంది. నిలబడే చెప్పాను. అరుస్తాడని చూశాను. బాపు అరవలేదు.

"నిజమేనా?" అన్నాడు.

"నిజమే బాపు."

"మల్ల సారెందుకు తన మీద ఏసుకున్నడు?"

"సారుకు తెల్వదు. నేను చెప్పలే."

బాపు తలపాగా సర్దుకున్నాడు. సర్దుకున్నదాన్నే మళ్ళీ సర్దుకున్నాడు.

"అంగట్ల రెండుసార్లు ఎదురొచ్చిండు. రెండుసార్లు నమస్తే పెట్టిండు" అన్నాడు. "నేను మొఖం తిప్పుకున్న."

గొర్లు మేసుకుంటూ ముందుకు సాగుతున్నాయి. పది అడుగులు దూరమైతే చాలు అదిలించే మనిషి, కట్టె కూడా ఎత్తలేదు. మంద బండ దాటింది, వాగులోకి దిగింది, చివరి పిల్ల కూడా కనుమరుగైంది. బాపు కట్టె మీద గడ్డం ఆనించి, బడి ఉన్న దిక్కుకు చూస్తూ అక్కడే నిలబడిపోయాడు.