బావగారి బళ్ళో పేరు

మా ఇంట్లో బావగారి అసలు పేరు ఎవరూ పలికేవారు కాదు. ఆయనకు తాతగారి పేరు పెట్టారు. మామగారి పేరు కోడలు అనకూడదు గనుక మా అత్తగారు కొడుకును పుట్టినప్పటి నుంచీ ముద్దుపేరుతోనే పిలిచింది. జగ్గయ్యపేట ఊరంతా అదే పట్టుకుంది. నా పెద్ద తోడికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, భర్త పేరు ఎలాగూ అనదు. నాకేమో బావగారాయె. సరిపోయింది!

ఆ బావగారు యాభై అయిదులో గోవా సత్యాగ్రహానికి వెళ్ళారు. సరిహద్దులో కాల్పులు జరిగాయని, పోర్చుగీసు వాళ్ళు చాలామందిని పట్టుకుపోయారని తెలిసిందే గానీ, ఆయన ఉన్నారో లేరో తెలియదు. గోవా జైళ్ళలో ఉన్న మనవాళ్ళ కోసం మా పార్లమెంటు మెంబరుగారు ఢిల్లీలో ప్రశ్నలు వేస్తున్నారని విని, అత్తగారు వెళ్ళి కాళ్ళావేళ్ళా పడింది. ఆయన మంచివాడు, అడిగాడు. పోర్చుగీసు వాళ్ళతో మనకు మాటల్లేవు గనుక ప్రభుత్వం వేరే దేశం రాయబారి ద్వారా వాకబు చేయించిందట. ఆ పేరుగల మనిషి ఏ జైల్లోనూ లేడని సమాధానం వచ్చింది. కొట్టు శెట్టిగారు పేపరు చూసి ఆ సంగతి మాకు చెప్పారు.

ఇక చూడండి, పరామర్శలు! వత్సవాయి నుంచి వచ్చిన ఓ పెద్దావిడ అక్క బొట్టు వంక అదోలా చూసింది. "అట్టాంటి చూపులు మీ ఇంటికెళ్ళి చూసుకోండి" అని మొహం మీదే అనేశాను. నాకు నోరు దురుసని ఊళ్ళో పేరు. ఉంటే ఉండనీ.

ఓ పొద్దున అక్క పొయ్యి ముందు నుంచి గబుక్కున లేచింది.

"అత్తయ్యా, మెంబరుగారికి ఏం పేరు చెప్పారండీ?"

"ఏం పేరేవిఁటే? వాడి పేరే!"

"అయ్యో, అది మనం పిలుచుకునేదండీ. పోలీసులకి ఆయన బళ్ళో పేరు చెప్పి ఉంటారు."

అత్తగారు నోట్లో కొంగు కుక్కుకుని కూలబడింది. అన్నేళ్ళ అలవాటులో ఆవిడకు ఆ ముద్దుపేరే అసలు పేరైపోయింది.

మా ఆయన మిరపకాయల లోడుతో గుంటూరు వెళ్ళాడు. మెంబరుగారు నందిగామ బంగళాలో ఉన్నారని, సాయంత్రమే ఢిల్లీ బయలుదేరుతున్నారని తెలిసి, ఆడవాళ్ళం ముగ్గురమే బస్సెక్కాం. రాసిద్దామంటే అప్పటికి మాలో ఎవరికీ అక్షరం ముక్క రాదు.

బంగళా వరండా నిండా మగవాళ్ళు. అక్క తలొంచుకుని, "కొండమీది దేవుడి పేరండీ" అంది.

గుమాస్తా నవ్వాడు. "ఆ దేవుడికి వెయ్యి పేర్లు తల్లీ! పార్లమెంటులో ఏది చెప్పమంటావు?"

నేనే చెబుదామని నోరు తెరిచాను. ఊరందరి మీదికీ లేచే నోరు, ఆవేళ పెగల్లేదు.

మెంబరుగారు కుర్చీ లాక్కుని అక్క ఎదురుగా కూర్చున్నారు. "చూడమ్మా, పేరు తేడా వస్తే మళ్ళీ లేడనే అంటారు. నువ్వు చెబితేనే నేను సభలో అడగగలను."

అక్క అత్తగారి వంక చూసింది. అత్తగారు రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. అప్పుడు అక్క, అంతమంది మగవాళ్ళ మధ్య, ఇంటిపేరుతో సహా భర్త పేరు చెప్పింది. చెప్పి, లెంపలు వేసుకుని, గోడకానుకుని వలవలా ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

ఈసారి సమాధానం వచ్చిన రోజు శెట్టిగారు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చారు. బావగారు జైల్లో ఉన్నారు. ప్రాణాలతో ఉన్నారు! ఎప్పుడు వదులుతారో మాత్రం తెలియదు, ప్రయత్నం సాగుతోందని సభలో చెప్పారట.

అత్తగారు అక్క చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆవేళ నేను చెవులు మూసుకున్నానే అమ్మాయ్. నా బిడ్డ పేరు ఇంకోసారి చెప్పు, వింటా."

అక్క చెప్పింది. ఈసారి లెంపలు వేసుకోలేదు.