ఎవరి తట్టూ కాని మామయ్య

మొన్న కర్నూలులో మా ఎదురింటి ఫ్లాటు ఆయన పోయాడు. అద్దాలపెట్టె బండి వచ్చింది, బండివాళ్లు ఇద్దరు ఆయన్ని లిఫ్టులో దించుకుని పోయారు. ఎవరూ ఎవరినీ భుజం అడగలేదు. తలుపు వేసుకోగానే వెనకనుంచి మా అత్తయ్య గొంతు వినిపించింది: "నలుగురు యాడుండారురా?" ఆమె పోయి డెబ్బై ఏళ్లయింది.

అత్తయ్యంటే మా మేనమామ భార్య. పందొమ్మిదివందల యాభైల్లో మామయ్య మద్రాసులో లా చదివి, బండెడు పుస్తకాలతో కోయిలకుంట్ల దగ్గరి మా ఊరికి తిరిగొచ్చాడు. బండెడు అనడం నా అలవాటు; నిజానికి ఒక ట్రంకుపెట్టె. ఊరప్పటికే రెండు తట్లుగా, అంటే రెండు పక్షాలుగా చీలి ఉంది. మంగలి కూడా తట్టుకొకడు. మామయ్య మాత్రం సాయంత్రాలు అరుగు మీద ఒక పుస్తకం తెరుచుకుని కూర్చుని, మనిషి ముందు తనవాడు, ఆ తర్వాతే కులానికైనా ఊరికైనా, అదీ తానొప్పుకుంటేనే అని చెప్పేవాడు. కాలేజీలో చదివే నాకు ఒళ్లు పులకరించేది. లోపల వేరుశనగకాయలు ఒలుస్తూ అత్తయ్య, "ఆ పుస్తకం రాసినాయన్ని ఎవరు మోసినారో కనుక్కోండి. నేను పోతే ఎత్తేకి నలుగురు కావల్ల" అనేది. మామయ్య నవ్వేవాడు.

ఆ ఎండాకాలం జ్వరమొచ్చి ఆమె నిజంగానే పోయింది. మామయ్యేమో నిప్పుకుండ పట్టుకుని పాడె ముందు నడవాలి. మోయడానికి మిగిలిన భుజం నాదొక్కటే. దాయాదులంతా ఏదో ఒక తట్టువాళ్లే, ఒక్కరూ గడప తొక్కలేదు. పొద్దెక్కేకొద్దీ ఈగలు ముసిరాయి. అప్పుడు ఒక తట్టు పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు.

"మీ తట్టే అని ఒక్క మాట అనప్పా. నలుగురు గాదు, నలభైమందిమి వస్తాము."

"ఆమె ఎవరి తట్టూ కాదప్పా" అన్నాడు మామయ్య.

"అందుకే గదా పొద్దున్నుంచి ఈడ్నే ఉండాది."

అప్పుడు నేను లేచి, ఒక్కణ్ణే మోస్తాను పొమ్మన్నానని మనవళ్లకు చెబుతుంటాను. అనలేదు. విసనకర్రతో ఈగలు తోలుతూ, మామయ్య ఒప్పుకుంటే బాగుండునని చూస్తున్నాను. ఆయన అత్తయ్య ముఖంకేసి చూశాడు. "మీ తట్టే" అన్నాడు.

నలభైమందీ వచ్చారు. నిజంగానే ఏడ్చారు, అదీ చెప్పాలి. మర్నాటినుంచి మామయ్య అరుగు మీద వేటకొడవలి పట్టుకుని ఆ తట్టువాడొకడు కాపలా కూర్చున్నాడు. ట్రంకుపెట్టె మళ్లీ తెరుచుకోలేదు.

మామయ్య కోరుకున్న కాలం ఇన్నాళ్లకు మా మెట్లదాకా వచ్చింది. ఏ తట్టని ఎవరూ అడగరు. ఎదురింటాయన వెంట గేటుదాకా నడిచానని రాయబోయాను. నడవలేదు, తలుపు సందులోంచి చూశాను.